గూగుల్ మ్యాప్స్ ముందా, ఇన్‌స్టాగ్రామ్ ముందా? విశాఖలో మీ వ్యాపారానికి ఏది నప్పుతుంది

విశాఖలో కొత్తగా షాపు తెరిచినవాళ్లయినా, బేరాలు తగ్గాయని దిగులు పడుతున్నవాళ్లయినా ముందుగా అడిగేది ఒకటే: "ఇన్‌స్టాగ్రామ్ మీద పెట్టాలా, గూగుల్ మీద పెట్టాలా?" ఇది డబ్బు గురించి మాత్రమే కాదు, టైమ్ గురించి కూడా. పొద్దున్న షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా ఒక్కరే చూసుకునే షాపులో రోజుకో రీల్ తీయడం, మెసేజ్‌లకి జవాబివ్వడం, రివ్యూలు చూసుకోవడం అన్నీ కుదరవు. ఏదో ఒకటి ముందు ఎంచుకోవాల్సిందే.

ఎంచుకోవడానికి నేను అడగమనే ప్రశ్న ఇది. మీ కస్టమర్ అవసరం పడి వెతుక్కుంటూ వస్తాడా, లేక మీ సరుకు కంటపడ్డాక కొనాలనుకుంటాడా? మే నెలలో రాత్రి పదింటికి ఏసీ ఆగిపోయిన మనిషి ఇన్‌స్టాగ్రామ్ తెరవడు. "ఏసీ రిపేర్ నియర్ మీ" అని కొడతాడు, మ్యాప్ కింద మొదట కనపడ్డ రెండు మూడు షాపుల్లో ఒకదానికి ఫోన్ చేస్తాడు. అదే గృహప్రవేశానికి రిటర్న్ గిఫ్ట్‌గా ఏటికొప్పాక లక్కబొమ్మలు ఇవ్వొచ్చని చాలామందికి ముందుగా తట్టదు. ఎవరో పెట్టిన వీడియోలో ఆ రంగులు చూశాక "ఇవి ఎక్కడ దొరుకుతాయండీ" అని అడుగుతారు. మొదటి రకం వ్యాపారానికి సెర్చ్ ముందు, రెండో రకానికి సోషల్ మీడియా ముందు.

రెండింటి మధ్యా ఉండే వ్యాపారాలు కొన్ని ఉన్నాయి. కేకుల షాపునే తీసుకోండి. పిల్లాడి మొదటి పుట్టినరోజుకి ప్రత్యేకంగా కేక్ చేయించుకోవాలనుకునే తల్లి నెల ముందు నుంచే ఇన్‌స్టాగ్రామ్‌లో డిజైన్లు చూస్తుంది. ఆఫీసులో ఎవరిదో బర్త్‌డే అని సాయంత్రం గుర్తొచ్చినవాడు దగ్గర్లో ఏ షాపు తెరిచి ఉందో గూగుల్‌లో చూస్తాడు. ఇలాంటి చోట ఊహించుకోవడం కంటే కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టడం మంచిది. బిల్లు కట్టేటప్పుడు "మా షాపు గురించి ఎక్కడ చూశారండీ" అని అడిగి గీత పెట్టుకోండి. నెల తిరిగేసరికి ఆ గీతలే చెబుతాయి డబ్బు ఎటు పెట్టాలో. ఈ పని చాలామంది చేయరు, ఆన్‌లైన్ ప్రచారం చేసిపెట్టే ఏజెన్సీలు కూడా చేయమని చెప్పవు. ఆ లెక్క షాపు వాళ్ల చేతిలో ఉంటే ఏజెన్సీ పంపే రిపోర్టులో తేడా ఉన్నప్పుడు వెంటనే తెలిసిపోతుంది.

ఎవరైనా సరే, మొదట గూగుల్ బిజినెస్ ప్రొఫైల్

పైన రెండు రకాలు చెప్పాను గానీ, ఈ ఒక్క పని, అంటే గూగుల్ మ్యాప్‌లో, సెర్చ్‌లో మీ షాపు వివరాలు చూపించే ఈ ప్రొఫైల్ పెట్టుకోవడం మాత్రం దుకాణమో, ఆఫీసో, ఇంటికి వెళ్లి చేసే సర్వీసో ఉన్నవాళ్లందరూ చేయాల్సిందే. రీల్ చూసి ముచ్చటపడ్డవాళ్లు కూడా బయల్దేరే ముందు అడ్రస్ కోసం, టైమింగ్ కోసం, రేటింగ్ కోసం గూగుల్‌కే వస్తారు. అక్కడ మీరు కనపడకపోయినా, కనపడి "మూసివేయబడింది" అని ఉన్నా, రీల్ మీద పెట్టిన కష్టం వృథా. ఇది పూర్తిగా ఉచితం. 2014లో గూగుల్ మై బిజినెస్ పేరుతో మొదలై, 2021 చివర్లో గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌గా పేరు మారింది. పాత పేరుతో కొత్త ప్యాకేజీ అని ఎవరైనా అమ్మజూపితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

మన చుట్టుపక్కల షాపుల కోసం వెతికినప్పుడు గూగుల్ ముఖ్యంగా మూడు చూస్తుంది. వెతికిన మాటకీ మీ పనికీ పొంతన ఉందా, వెతికిన మనిషికి మీరు ఎంత దూరంలో ఉన్నారు, మీ షాపుకి ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు. మధురవాడలో ఉన్న డెంటల్ క్లినిక్, గాజువాకలో పన్ను నొప్పితో వెతుకుతున్నవాళ్లకి పైన కనపడాలని ఆశపడటం అనవసరం. ఊరికి ఆ చివరా ఈ చివరా ఉన్న పేటలవి. ఎంవీపీ కాలనీ వాళ్లకి ఎంవీపీ కాలనీలో, పెందుర్తి వాళ్లకి పెందుర్తిలో గట్టిగా కనపడితే చాలు. మన చేతిలో ఉన్నవి మిగతా రెండూ.

పొంతనకి కేటగిరీ ముఖ్యం. కంటి ఆసుపత్రి పెట్టి "హాస్పిటల్" అని ఎంచుకుంటే నగరంలో ఉన్న పెద్దాసుపత్రులన్నిటితో పోటీ పడ్డట్టు. "కంటి ఆసుపత్రి" అని కచ్చితంగా పెడితే కళ్ల కోసం వెతికేవాళ్ల దగ్గరికి చేరతారు. పేరు మాత్రం బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాయండి. పేరు పక్కన "బెస్ట్ ఇన్ వైజాగ్", "తక్కువ ధర" లాంటివి తగిలించడం గూగుల్ నిబంధనలకి విరుద్ధం. ప్రొఫైల్ సస్పెండ్ అయ్యిందంటే తిరిగి తెచ్చుకోవడానికి కాగితాలు పట్టుకుని రోజుల తరబడి టెన్షన్ పడాలి. వివరణ రాసే చోట విశాఖపట్నం, విశాఖ, వైజాగ్ అనే పేర్లు, మీ జంక్షన్ పేరు సహజంగా పడేలా రాసుకుంటే చదివేవాళ్లకి మీరెక్కడున్నారో ఇట్టే తెలుస్తుంది.

పిన్ గురించి, అంటే మ్యాప్‌లో మీ షాపు ఉన్న చోటు చూపించే గుర్తు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. దీన్ని ఎవరూ పట్టించుకోరు. గాజువాక, కూర్మన్నపాలెం వైపు జాతీయ రహదారి పక్కన ఉన్న బైక్ మెకానిక్ షాపు అనుకోండి. అడ్రస్ టైప్ చేయగానే గూగుల్ పెట్టిన పిన్ రోడ్డుకి అవతలి వైపు పడింది. చూడటానికి వేలెడంత తేడా. కానీ మ్యాప్ కస్టమర్‌ని అవతలి వైపుకే తీసుకెళ్తుంది. మధ్యలో డివైడర్. యూటర్న్ ఎక్కడో ముందుంది. పంక్చరైన బండి తోసుకుంటూ వచ్చినవాడు మీ బోర్డు కళ్లెదుట కనపడుతున్నా ఈ వైపున్న ఇంకో షాపుకి వెళ్లిపోతాడు. ఆ బేరం పోయిందని మీకు తెలియను కూడా తెలియదు. అందుకే ప్రొఫైల్ చేశాక పిన్‌ని వేలితో జరిపి సరిగ్గా మీ గుమ్మం మీద పెట్టండి. తర్వాత షాపుకి దూరంగా వెళ్లి, మీ ఫోన్‌లో డైరెక్షన్స్ పెట్టుకుని ఒకసారి మీరే రండి. ఫ్లైఓవర్ పక్కన సర్వీస్ రోడ్డులో ఉన్నవాళ్లు, ద్వారకానగర్‌లో కాంప్లెక్స్ పై అంతస్తులో ఉన్నవాళ్లు లోపలికి వచ్చే దారి ఫొటో కూడా పెట్టాలి.

పేరు రావడానికి రివ్యూలు కావాలి. అడిగితేనే వస్తాయి. పని బాగా చేసి, కస్టమర్ సంతోషంగా ఉన్నప్పుడే అడగాలి. ప్రొఫైల్‌లోంచి రివ్యూ లింకు, క్యూఆర్ కోడ్ తీసుకోవచ్చు. కౌంటర్ మీద ఆ కోడ్ పెట్టి "తెలుగులో రాసినా పర్లేదండీ" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో చాలామందికి బెరుకు పోతుంది. రివ్యూ రాస్తే డిస్కౌంట్ అనడం, స్టార్లు కొనుక్కోవడం మాత్రం వద్దు. రెండూ గూగుల్ నిషేధించినవే. మన దేశంలో కూడా ఆన్‌లైన్ రివ్యూల కోసం 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చారు. చెడ్డ రివ్యూ వచ్చినప్పుడు గొడవకి దిగొద్దు. ఏం జరిగిందో రెండు వాక్యాల్లో మర్యాదగా రాయండి, ఫోన్ చేయమనండి. ఆ జవాబు చదివేది రాసిన మనిషి ఒక్కడే కాదు, రేపు మీ దగ్గరికి రావాలా వద్దా అని ఆలోచిస్తున్న వాళ్లంతా చదువుతారు.

ప్రొఫైల్‌లో పెర్ఫార్మెన్స్ అనే చోట నెలలో ఎంతమంది ఫోన్ నొక్కారో, ఎంతమంది డైరెక్షన్స్ అడిగారో, ఏ మాటలు కొట్టి మిమ్మల్ని చూశారో కనపడుతుంది. టిఫిన్ సెంటర్ వాళ్లకి అందులో ఫలానా టిఫిన్ పేరు పదేపదే కనపడితే, మరుసటి రోజే దాని ఫొటో, ధర, దొరికే టైము పెట్టేయొచ్చు.

వెబ్‌సైట్ అందరికీ అక్కర్లేదు

పేటలో కిరాణా షాపుకి, సెలూన్‌కి, టిఫిన్ సెంటర్‌కి వెబ్‌సైట్ మీద డబ్బు పెట్టొద్దనే చెబుతాను. ప్రొఫైల్ చాలు. కొనే ముందు కస్టమర్ బాగా చదివి, పోల్చి, ఆలోచించుకునే వ్యాపారాలకి మాత్రం వెబ్‌సైట్ కావాలి. ఆసుపత్రి, ఇంటీరియర్ పని, కోచింగ్, టూర్ ప్యాకేజీలు, ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ యూనిట్ అలాంటివే.

అందులో ఏం రాయాలన్నదే అసలు విషయం. "మేము నాణ్యతకు మారుపేరు" అని పేజీ నింపితే ఎవరూ వెతికి రారు. కస్టమర్ అడిగే ప్రశ్నకి మీరు జవాబు రాయాలి. విశాఖ ఏసీ మెకానిక్‌కి తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, రుషికొండ వైపు ఇళ్లలో ఉప్పు గాలికి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ కాయిల్ తొందరగా తుప్పు పడుతుంది. గ్యాస్ లీకవుతుంది, కూలింగ్ తగ్గుతుంది. కాయిల్‌ని ఎన్నాళ్లకోసారి మంచినీళ్లతో కడిగించాలి, కొనేటప్పుడు రాగి కాయిల్ చూడాలా, తుప్పు పట్టకుండా పైపూత వేసింది చూడాలా, యూనిట్ సముద్రం వైపు కాకుండా ఇంకెక్కడ బిగించొచ్చు అని సొంత ఫొటోలతో ఒక పేజీ రాస్తే, సముద్రం లేని ఊళ్లో కూర్చుని రాసేవాళ్లు దానికి సాటి రాలేరు. ప్రతి వృత్తిలోనూ ఇలాంటి స్థానిక సంగతులు పది ఉంటాయి. సెర్చ్‌లో చిన్నవాళ్లు పెద్దవాళ్లని దాటగలిగేది ఇక్కడే.

ఓపిక మాత్రం కావాలి. చేసిన మార్పుల ఫలితం కనపడటానికి నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్ తానే చెబుతోంది. సెర్చ్ కన్సోల్ అనే ఉచిత పనిముట్టు పెట్టుకుంటే మీ పేజీ ఏ మాటలకి కనపడుతోందో తెలుస్తుంది. 2024 ఆగస్టు నుంచి మన దేశంలో సెర్చ్ ఫలితాల పైన ఏఐ రాసిన సారాంశాలు కూడా వస్తున్నాయి. మామూలు సమాచారం ఇచ్చే పేజీలకి దీనివల్ల క్లిక్కులు తగ్గొచ్చు. మన ఊరి సొంత అనుభవం, ధరలు, ఫొటోలు ఉన్న పేజీకి మాత్రం విలువ ఉంటుంది.

గూగుల్ యాడ్స్: తొందరగా ఫోన్ మోగాలంటే

కొత్త షాపుకి నాలుగు నెలలు ఆగే పరిస్థితి లేకపోతే గూగుల్ యాడ్ ఒక దారి. క్లిక్ చేసినప్పుడే డబ్బు పోతుంది. కానీ ఇక్కడ రెండు సెట్టింగులు చూడకపోతే డబ్బు నీళ్లలా ఖర్చయిపోతుంది.

మొదటిది లొకేషన్. విశాఖపట్నం అని పెట్టగానే అయిపోయిందనుకోకండి. మామూలుగా వచ్చే సెట్టింగులో ఊళ్లో ఉన్నవాళ్లతో పాటు ఊరి మీద ఆసక్తి చూపించినవాళ్లు కూడా కలుస్తారు. కోల్‌కతాలో కూర్చుని వైజాగ్ గురించి వెతుకుతున్నవాళ్లు హోమ్‌స్టే యజమానికి బంగారం లాంటి కస్టమర్లు. ఏసీ మెకానిక్‌కి వాళ్ల క్లిక్కు దండగ. ఊళ్లో ఉన్నవాళ్లకే చూపించమని మార్చుకోవాలి.

రెండోది, జనం ఏం కొడితే మీ యాడ్ వచ్చిందో చూపించే సెర్చ్ టర్మ్స్ జాబితా. మొదటి వారం రోజూ తెరిచి చూడండి. ఏసీ రిపేర్ యాడ్ పెడితే అందులో "ఏసీ మెకానిక్ కోర్సు", "ఏసీ టెక్నీషియన్ జాబ్స్", ఫలానా కంపెనీ కస్టమర్ కేర్ నంబర్ లాంటివి కనపడతాయి. వాళ్లెవరూ మీ కస్టమర్లు కారు. కోర్సు, జాబ్స్, జీతం, కస్టమర్ కేర్ అనే మాటలకి యాడ్ చూపించొద్దని నెగెటివ్ జాబితాలో చేర్చాలి.

లెక్క ఎలా వేసుకోవాలో చూపించడానికి అంకెలు ఊహించుకుందాం. రోజుకి 300 రూపాయల చొప్పున నెలకి 9,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,620. మొత్తం 10,620. 40 ఫోన్లు వచ్చి 10 పనులు దొరికాయనుకుంటే ఒక్కో కస్టమర్‌ని తెచ్చుకోవడానికి 1,062 రూపాయలు అయింది. సర్వీసింగ్‌కి వచ్చేది 600 అయితే ఇది నష్టమే. ఆ పదిమందిలో నలుగురు ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు తీసుకుంటే లాభంలో పడొచ్చు. ఒక్క బిల్లు కాకుండా ఒక్కో కస్టమర్ ఏడాదిలో ఎంత ఇస్తాడో తెలిసినవాళ్లే యాడ్స్ మొదలుపెట్టాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఖాతాలో నంబర్ ఇవ్వడం మర్చిపోవద్దు, ఇన్‌పుట్ క్రెడిట్‌కి, అంటే ఇక్కడ కట్టిన పన్నుని మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడానికి పనికొస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, యూట్యూబ్: మూడూ ఒకటి కాదు

2020 జూన్ చివర్లో టిక్‌టాక్ నిషేధం వచ్చాక, ఆ వెంటనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చాయి. మిమ్మల్ని ఫాలో కానివాళ్లకి కూడా చేరడం రీల్ బలం. బోటిక్‌లు, కేకులు, నగలు, మేకప్, కెఫేలు, మొక్కల నర్సరీలకి ఇది మొదటి ఎంపిక. బలహీనత ఏమిటంటే రీల్ ఆయుష్షు తక్కువ, స్టోరీది 24 గంటలే. మీరు ఆపితే అది కూడా ఆగిపోతుంది. అందుకని వారానికి రెండు రీల్స్ ఏడాది పాటు పెట్టగలరా అని ముందే ఆలోచించుకోండి. ఒక నెల రోజూ పెట్టి తర్వాత మానేయడం కంటే అది మేలు.

ఏం తీయాలో తెలియక చాలామంది ట్రెండింగ్ పాటకి నడిచి చూపిస్తుంటారు. చీరల షాపు వాళ్లకి నా సలహా: చీర మడత విప్పి, పగటి వెలుతురులో బోర్డర్ దగ్గరగా చూపించండి. వెనక్కి తిప్పి దారాలు చూపించండి. ధర చెప్పండి. "ధర కోసం మెసేజ్ చేయండి" అంటే అడిగే ఓపిక లేనివాళ్లు వెళ్లిపోతారు, అడిగినవాళ్లకి జవాబివ్వడానికి మీకు టైమ్ ఉండదు. క్యాప్షన్‌లో షాపు ఉన్న ఏరియా రాయండి. 2025 జులై నుంచి ప్రొఫెషనల్ ఖాతాల పబ్లిక్ పోస్టులు గూగుల్ సెర్చ్‌లో కూడా కనపడే వీలు వచ్చింది కాబట్టి "జగదాంబ జంక్షన్ దగ్గర" అని రాసిన మాట వెతికేవాళ్లకి కూడా పనికొస్తుంది.

ఫేస్‌బుక్ పాతబడిందని కొట్టిపారేయొద్దు. నలభై దాటిన కస్టమర్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులు, స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్ లాంటి చోట్ల కుటుంబాలు కావాలంటే అక్కడ చూడాల్సిందే. ఇక యూట్యూబ్ సోషల్ మీడియాలా కనిపిస్తుంది గానీ, సెర్చ్‌లా పనిచేస్తుంది. మోకాలి ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్లకి నడవొచ్చో డాక్టరు తెలుగులో నిదానంగా చెప్పిన వీడియో మూడేళ్ల తర్వాత కూడా రోగుల్ని తెస్తుంది. కోచింగ్ సెంటర్లకి, ఇళ్ల స్థలాలు అమ్మేవాళ్లకి కూడా అంతే. స్థలాల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం వర్తించే ప్రాజెక్టుకి రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, ప్రకటనలో ఆ నంబరు ఉండాలి. రీల్ కూడా ప్రకటనే.

ఫుడ్ పేజీల వాళ్లని పిలిచి రీల్ చేయించుకోవాలా? కొత్త హోటల్‌కి జనం రావాలంటే ఇంత తొందరగా పనిచేసేది ఇంకోటి లేదు. కానీ మీ వంటగది సిద్ధంగా ఉంటేనే చేయించండి. శనివారం రీల్ పడితే ఆదివారం గుమ్మం ముందు బండ్లు నిలుస్తాయి. బిర్యానీ గంట ఆలస్యమైతే, ముక్క ఉడక్కపోతే, వాళ్లంతా అక్కడే కూర్చుని గూగుల్‌లో ఒక్క స్టార్ ఇచ్చి వెళ్తారు. రీల్ రెండు వారాల్లో మరుగున పడుతుంది, ఆ రివ్యూలు ఉండిపోతాయి. డబ్బుకో, ఉచిత భోజనానికో చేసిన ప్రచారమైతే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. ముందే మాట్లాడుకోండి. ఫాలోవర్ల సంఖ్య కాకుండా, కామెంట్లు పెట్టేవాళ్లు మన ఊరివాళ్లేనా అని చూడండి.

డబ్బు కట్టి పోస్టుని ఎక్కువమందికి చూపించే బూస్ట్ బటన్ నొక్కడం సులువే. అయితే లక్ష్యం ఎంచుకునే చోట ప్రొఫైల్ చూడటం అని వదిలేస్తే లైకులు పెరుగుతాయి, బేరం పెరగదు. వాట్సాప్‌కి మెసేజ్ వచ్చేలా పెట్టి, షాపు చుట్టూ కొన్ని కిలోమీటర్ల పరిధి మాత్రమే ఇవ్వండి. ఖర్చు పెరిగేకొద్దీ ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ యాడ్స్ నడిపే యాడ్స్ మేనేజర్ నేర్చుకోక తప్పదు.

వాట్సాప్

దీనికి పోటీ లేదు, పైన చెప్పినవన్నీ చివరికి ఇక్కడికే వస్తాయి. 2018 నుంచి ఉన్న వాట్సాప్ బిజినెస్ యాప్‌లో కేటలాగ్, రెడీ జవాబులు, కస్టమర్లకి లేబుల్స్ ఉన్నాయి. ఒకే మెసేజ్‌ని ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది వరకు పడతారు, మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. కాబట్టి బిల్లు ఇచ్చేటప్పుడే నంబర్ సేవ్ చేసుకోమని అడగండి. రోజూ గుడ్ మార్నింగ్ పంపితే బ్లాక్ చేస్తారు.

మీది ఏ వ్యాపారం?

రిపేరు పనులు, క్లినిక్, మందుల షాపు, టైర్లు, ప్యాకర్స్ అండ్ మూవర్స్ లాంటివైతే టైమ్ అంతా గూగుల్ ప్రొఫైల్‌కి, రివ్యూలకి ఇవ్వండి. డబ్బు మిగిలితే సీజన్‌లో మాత్రమే యాడ్స్. ఇన్‌స్టాగ్రామ్ ఖాతా లేకపోయినా నష్టం లేదు.

ఇంట్లో పచ్చళ్లు, స్వీట్లు చేసి అమ్మేవాళ్లకి పరిస్థితి తలకిందులు. రీల్స్, వాట్సాప్ కేటలాగ్ ముందు. ఆవకాయ కలిపే రోజు తీసిన వీడియో, అందులో నూనె, కారం, జాడీ కనపడటం ఏ యాడ్‌కన్నా బాగా అమ్ముతుంది. ఆహార పదార్థాలు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ లేబుల్ మీద, కేటలాగ్‌లో పెట్టండి. దూరప్రాంతాల ఆర్డర్లు అడిగేవాళ్లు ముందు అదే చూస్తారు.

అరకు, భీమిలి, రుషికొండ వైపు హోమ్‌స్టేలు, టూర్ కార్లు నడిపేవాళ్లకి రెండూ కావాలి, అయితే వరుసలో. శీతాకాలం సీజన్‌కి ముందే, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో రీల్స్ పెట్టాలి, అప్పుడే మంచు, కాఫీ తోటలు చూసి జనం ప్లాన్ వేసుకుంటారు. నవంబరు నుంచి వాళ్లు గూగుల్‌లో రేట్లు వెతుకుతారు. కాబట్టి యాడ్ డబ్బు అప్పటికి దాచుకోండి. బెంగాల్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి ప్రొఫైల్ వివరాలు ఇంగ్లిష్‌లో ఉండాలి. బుకింగ్ సైట్ల కమీషన్ పోకుండా నేరుగా ఫోన్ తెప్పించుకోవడమే ఇక్కడ లాభం.

ఆటోనగర్, పరవాడ వైపు కంపెనీలకి సరుకు అమ్మే యూనిట్లకి రీల్స్ అక్కర్లేదు. కొనే మనిషి పర్చేజ్ మేనేజర్. అతను యంత్రం పేరు, సైజు, మెటీరియల్ గ్రేడ్ కొట్టి వెతుకుతాడు. ఆ వివరాలతో వెబ్‌సైట్ పేజీలు, ఇండియామార్ట్ లాంటి చోట జాబితా, లింక్డ్‌ఇన్‌లో పూర్తయిన పనుల ఫొటోలు చాలు.

సొంతంగా చేసుకోవాలా, ఏజెన్సీకి ఇవ్వాలా

ప్రొఫైల్, వాట్సాప్, మొదటి ముప్పై నలభై రీల్స్ సొంతంగానే చేసుకోండి. మీ కస్టమర్ దేనికి స్పందిస్తాడో తెలిశాక, యాడ్స్‌కి, వెబ్‌సైట్‌కి ఏజెన్సీ తీసుకోవచ్చు. "గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ" అన్నవాళ్లని అక్కడితో ఆపేయండి. ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ స్వయంగా రాసి పెట్టింది. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కట్టకపోతే మీ షాపు మ్యాప్‌లోంచి తీసేస్తాం" అని ఫోన్ వస్తే అది మోసం. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో డేటా సెంటర్ పెడతానని ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించిన దగ్గర్నుంచి ఊళ్లో ఆ పేరు గట్టిగా వినపడుతోంది. ఆ డేటా సెంటర్‌కీ, మీ షాపు మ్యాప్‌లో ఎక్కడ కనపడుతుందన్న దానికీ సంబంధం లేదు. ఆ పేరు చెప్పి ప్యాకేజీ అమ్మజూపినా నమ్మొద్దు.

డబ్బు ఇచ్చే ముందు ఒక్క విషయం కాగితం మీద రాయించుకోండి. ప్రొఫైల్, వెబ్‌సైట్ డొమైన్, యాడ్ ఖాతా, ఇన్‌స్టాగ్రామ్ పేజీ అన్నీ మీ మెయిల్, మీ ఫోన్ నంబర్ మీదే ఉండాలి. ఏజెన్సీకి మేనేజర్ యాక్సెస్ మాత్రమే. వాళ్ల మెయిల్‌తో ప్రొఫైల్ తెరిస్తే, రేపు తేడా వచ్చినప్పుడు ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న రివ్యూల తాళం వాళ్ల చేతిలో ఉంటుంది. యాడ్ డబ్బు మీ కార్డు నుంచే నేరుగా కట్టండి, వాళ్ల ఫీజు వేరుగా ఇవ్వండి. అప్పుడు ఎంత యాడ్‌కి పోయిందో మీకు ప్రతి పైసా కనపడుతుంది. నెలాఖరున వాళ్ల రిపోర్టులో ఎంతమంది చూశారన్న అంకె వదిలేసి, ఎన్ని ఫోన్లు, ఎన్ని డైరెక్షన్స్, ఎన్ని వాట్సాప్ మెసేజ్‌లు అని అడగండి. కౌంటర్ దగ్గర నోట్‌బుక్‌లో గీతలతో పోల్చి చూడండి. యాడ్స్ విషయంలో మూడు నెలలకీ ఆ రెండూ దగ్గరికి రాకపోతే ఒప్పందం పొడిగించొద్దు, యాక్సెస్ ఆ రోజే తీసేయండి.